వాక్యము వేసుకొన్న గుడారము

తెలుగు బైబిలులో యోహాను సువార్త మొదటి అధ్యాయం పద్నాలుగో వచనంలో ‘శరీరధారి’ అనే సమాసం ఉన్నది. వాక్యము శరీరధారి అయినదని అక్కడి భావం. వినడానికి నిండుగా, సంస్కృత మర్యాదతో ఉన్న మాట. కాని ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత సమాసాలు విడదీయించిన అలవాటు వలన నా దృష్టి ఆ ‘ధారి’ దగ్గర ఆగిపోతుంది. కిరీటధారి, చక్రధారి, వేషధారి — ఈ మాటలన్నింటిలోనూ ధరించేవాడు వేరు, ధరింపబడేది వేరు. ధరించినదానిని ఎప్పుడైనా తీసి పక్కన పెట్టవచ్చు. పైగా గీతలోని జీర్ణవస్త్రాల ఉపమానం చిన్ననాటి నుండి చెవిన పడుతూ పెరిగిన మనకు దేహమంటేనే ఒక వస్త్రం. అందుచేత ‘శరీరధారి’ అనగానే దేవుడు ఒక దేహాన్ని తొడుక్కొని వచ్చాడని తెలుగు మనస్సు అర్థం చెప్పుకొంటుంది.

గ్రీకు మూలంలోని మాట ఇంత మర్యాదైనది కాదు. అక్కడ ఉన్నది ‘సార్క్స్’. అంటే మాంసం. ధరించడమన్న ఊసు లేదు. ‘అయ్యెను’ అన్న క్రియ ఉన్నది. వాక్యం మాంసమైనదట! దాని వెంట వచ్చే క్రియ మరీ ఆశ్చర్యకరమైనది. మన అనువాదంలో ‘నివసించెను’ అని ఉన్న చోట గ్రీకులో ‘ఎస్కేనోసెన్’ అని ఉన్నది. ‘స్కేనే’ అంటే గుడారం, డేరా. మనుష్యుల నడుమ గుడారం వేసుకొన్నదని ఆ క్రియకు అర్థం. ‘నివసించెను’ అనడంలో దోషమేమీ లేదు. కాని ఆ ఒక్క మాటతో గుడారం కనుమరుగైపోయింది. గుడారంతో పాటు దాని వెనుక ఉన్న వేయి సంవత్సరాల యూదు చరిత్ర కూడా కనుమరుగైపోయింది. ఈ వ్యాసం ఆ గుడారాన్ని వెదకడానికే.

దేవుడు మనిషి కావడమనే భావన క్రైస్తవంలోకి ఎక్కడి నుండి వచ్చింది? ఈ ప్రశ్నకు చాలామంది చదువుకొన్నవారు చెప్పే సమాధానం ఒకటి ఉన్నది. యూదులది కరడుగట్టిన ఏకేశ్వరవాదమనీ, వారికి విగ్రహమే గిట్టదనీ, అటువంటివారి నడుమ ఈ ఊహ పుట్టడం అసంభవమనీ, గ్రీకు రోమను కథలలో దేవతలు మనుష్యరూపంలో తిరిగే వాసనే పరజాతుల ద్వారా క్రైస్తవంలో చేరిందనీ ఆ సమాధానం. 1913లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ బూసె తన ‘క్యూరియోస్ క్రిస్టోస్’ గ్రంథంలో దీనికి శాస్త్రీయమైన రూపం కల్పించాడు. యేసును ప్రభువుగా ఆరాధించడం యెరూషలేములో కాక, అంతియొకయ వంటి గ్రీకు భాషా నగరాల సంఘాలలో పుట్టిందని ఆయన వాదం. అర్ధశతాబ్దికి పైగా ఆ వాదమే రాజ్యమేలింది. మన దేశంలోనైతే మరో సులభమైన సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘అదీ ఒక అవతారమే’ అని. మంచి మనస్సుతో అనే మాటే అది. అయితే అవతారాలు పలుమార్లు జరుగుతాయి. శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఆ దివ్యమంగళ విగ్రహం ప్రకృతి సంబంధమైనది కాదు, శుద్ధసత్త్వమయం. యోహాను చెప్పేది ఒక్కసారి జరిగిన సంగతి. అక్కడిది ఆకలి దప్పులూ, నెత్తురూ ఉన్న మామూలు మాంసం. రెండింటినీ ఒకే అరలో పెట్టడం వలన ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది.

నేను చెప్పదలచినది ఇది: ఈ భావనకు కావలసిన మాటలూ, ఉపమానాలూ, చివరకు దానిపై జరిగిన తగవులూ కూడా యూదుల ఇంటిలోనివే.

ముందుగా గుడారం. నిర్గమకాండంలో సగం దగ్గర నుండి గ్రంథం చివరి దాకా ఒక డేరా నిర్మాణమే ప్రధాన విషయం. ఎన్ని మూరల తెర, ఏ రంగు నూలు, ఎన్ని కొలుకులు, ఏ కర్ర పలకలు — చదివేవాని ఓర్పును పరీక్షించేంత వివరం! అయితే ఆ కొలతలకు ముందు ఇరవై అయిదో అధ్యాయంలో దేవుడు చెప్పే కారణం చిన్నది. తనకు ఒక పరిశుద్ధ స్థలాన్ని నిర్మించమనీ, తాను వారి నడుమ నివసిస్తాననీ అంటాడు. ‘అందులో’ నివసిస్తాననలేదు, ‘వారిలో’ అన్నాడు అని యూదు వ్యాఖ్యాతలు ఇక్కడ పట్టుకొన్నారు. మన వ్యాఖ్యాతలకు తీసిపోని చూపు!

ఇక్కడి ‘నివసించు’ అన్న క్రియకు హీబ్రూలో ‘ష-క-న’ అనే మూడు హల్లుల ధాతువు. పదవీ విరమణ తరువాత కాలక్షేపానికి హీబ్రూ ధాతువుల పుస్తకం ఒకటి తిరగవేస్తూ ఈ ధాతువు దగ్గర చాలా రోజులు నిలిచిపోయాను. దీని నుండే ‘మిష్కాన్’ అన్న నామం వచ్చింది. నివాసస్థానం అని అర్థం, గుడారానికి అదే పేరు. తరువాతి కాలపు రబ్బీలు ఇదే ధాతువు నుండి ‘షెకీనా’ అనే పదం చేశారు. మన ‘సాన్నిధ్యం’ అన్న మాట దానికి చాలా దగ్గర. గ్రీకు ‘స్కేనే’కు ఈ హీబ్రూ ధాతువుతో వంశసంబంధం ఏదీ లేదు. అయినా స-క-న, ష-క-న అని చెవికి ఒకేలా వినపడతాయి. క్రీస్తు పూర్వమే అలెగ్జాండ్రియా యూదులు తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోనికి అనువదించినప్పుడు ‘మిష్కాన్’కు ‘స్కేనే’నే వాడారు. కాబట్టి యోహాను ఆ క్రియను వ్రాసినప్పుడు యూదు పాఠకునికి ఎడారిలోని డేరా గుర్తుకు రాక మానదు.

అదే వచనంలో ‘మహిమ’ అన్న మాట కూడా ఉన్నది. గుడారం పూర్తి కాగానే మేఘం దానిని కమ్మిందనీ, దేవుని తేజస్సు దానిని నింపిందనీ నిర్గమకాండం ముగుస్తుంది. హీబ్రూలో ఆ తేజస్సు పేరు ‘కావోద్’. ఆ మాట పుట్టుక బరువు అన్న అర్థంలో. మన ‘గురు’ శబ్దానికి బరువైనది అని అర్థం కావడం, దాని నుండి ‘గౌరవం’ పుట్టడం భాషాభిమానులకు తెలిసినదే. రెండు దూరపు భాషలు మహిమను బరువుతో కొలిచాయి! ఆ బరువు ఒక మేక వెంట్రుకల డేరాలోకి, తరువాత సొలొమోను కట్టిన మందిరంలోకి దిగింది. ఆకాశాలే పట్టని నీవు నేను కట్టిన ఈ ఇంటిలో పడతావా అని సొలొమోను మందిర ప్రతిష్ఠనాడే అడిగినట్లు రాజుల గ్రంథం చెబుతుంది. యూదు మతం ఈ సందేహాన్ని ఎన్నడూ దాచుకోలేదు. నిర్గమకాండంపై వెలసిన ఒక మిద్రాష్‌లో మోషే ఇదే ప్రశ్న వేస్తే, అవసరమైతే నా సాన్నిధ్యాన్ని మూరెడు పొడవు మూరెడు వెడల్పు చోటులో ముడుచుకొంటాను అని దేవుడు బదులిస్తాడు. అనంతం తనను తాను కుదించుకోవడం! ఇది చెప్పినవారు క్రైస్తవులు కారు, రబ్బీలు.

క్రీ.పూ. 586లో బబులోను సేనలు ఆ మందిరాన్ని తగులబెట్టాయి. చెరపట్టబడి కెబారు నదీతీరంలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త ఆ తేజస్సు మందిరాన్ని విడిచి తూర్పుకు కదలిపోవడాన్ని దర్శనంలో చూశాడు. అంతకు ముందు అతడు చూసిన సింహాసనం మీద కూర్చున్న రూపం మనుష్యుని పోలికగా ఉన్నదట. ఎంత జాగ్రత్త పడ్డాడో చూడండి: పోలిక వంటిది, దాని ఆకారం వంటిది అంటూ పొరల మీద పొరలు కప్పి చెబుతాడు. భయంతో కప్పాడు గాని, చూసినది మనిషి పోలికే.

రెండవ దారి జ్ఞానానిది. సామెతల గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో జ్ఞానం ఒక స్త్రీగా మాట్లాడుతుంది. సృష్టికి ముందే తాను ఉన్నాననీ, భూమికి పునాదులు వేస్తున్నప్పుడు దేవుని చెంత ఉన్నాననీ చెబుతుంది. క్రీ.పూ. 180 ప్రాంతంలో యెరూషలేములో బెన్ సీరా అనే ఉపాధ్యాయుడు ఈ ఊహను ముందుకు నడిపాడు. (ఆయన పేరు కూడా యేషువాయే, ఆ రోజులలో అది ప్రతి వీథిలో వినపడే పేరు.) ఆయన గ్రంథం ఇరవై నాలుగో అధ్యాయంలో జ్ఞానం మహోన్నతుని నోటి నుండి వెలువడి, నిలువ నీడ కోసం లోకమంతా తిరుగుతుంది. చివరకు సృష్టికర్త ఆమెకు యాకోబు వంశం నడుమ డేరా వేసుకొమ్మని చోటు చూపిస్తాడు. నోటి నుండి వెలువడినది, ఆది నుండి ఉన్నది, మనుష్యుల నడుమ డేరా వేసుకొన్నది — యోహాను తొలి అధ్యాయం వరుస ఇదే గదా! తేడా అల్లా ఆ తరువాత. బెన్ సీరాకు ఆ జ్ఞానం మోషే ధర్మశాస్త్రంగా నిలిచింది. యోహానుకు ఒక మనిషిగా నిలిచింది.

ఈ పోలిక తెలుగు పాఠకులలో ఎక్కువమందికి తెలియకపోవడానికి ఒక కారణం ఉన్నది. బెన్ సీరా గ్రంథం ప్రొటెస్టంట్ల తెలుగు బైబిలులో లేదు. కతోలికుల బైబిలులో మాత్రమే ఉన్నది. యూదులు కూడా దానిని తమ పవిత్ర గ్రంథాల లెక్కలో చేర్చలేదు. హీబ్రూ మూలం దాదాపు మరుగున పడిపోయి, 1896లో సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జిలో గుర్తించిన కైరో సమాజ మందిరపు చిత్తు కాగితాల పుణ్యాన మళ్లీ వెలుగు చూసింది. 1964లో మసాదా కోటలో మరికొంత దొరికింది.

మూడవది వాక్కు. హీబ్రూ వాడుకభాషగా వెనుకబడి అరమాయికు నాలుకల మీదికి వచ్చిన కాలంలో, సమాజ మందిరాలలో లేఖనం చదివిన వెంటనే అరమాయికులో చెప్పేవారు. ఆ అనువాదాలే తార్గుములు. వాటిలో ‘దేవుడు’ అని ఉండవలసిన అనేక చోట్ల ‘దేవుని మేమ్రా’ అని కనిపిస్తుంది. మేమ్రా అంటే వాక్కు. సీనాయి కొండ దగ్గర మోషే ప్రజలను దేవునికి ఎదురుగా తీసుకొని వచ్చాడని మూలం. వాక్కుకు ఎదురుగా అని తార్గుము. దీనికి అంత అర్థం లేదనీ, పెద్దల పేరు నేరుగా పలకడానికి వెరచి ‘వారు’ అనడం వంటిదేననీ 1922లో జార్జ్ ఫుట్ మూర్ వాదించాడు. ఆ వాదం చాలాకాలం చెల్లింది. డేనియల్ బోయారిన్ అనే యూదు పండితుడు 2001లో దానిని ఎదుర్కొని, సృష్టించేదీ, మాట్లాడేదీ, రక్షించేదీ మేమ్రాయే అయినప్పుడు అది ఉత్త మర్యాద మాట ఎలా అవుతుందని ప్రశ్నించాడు. మన చేతికి వచ్చిన తార్గుములు యోహాను కాలానికి తరువాత కూర్చినవన్నది నిజమే గనుక, వీటి ఆధారంతోనే కేసు గెలవలేము. అయితే ఫైలో ఉన్నాడు.

అలెగ్జాండ్రియాకు చెందిన ఈ యూదు తాత్త్వికుడు యేసుకు సమకాలికుడు; క్రీ.పూ. 20 ప్రాంతంలో పుట్టి క్రీ.శ. 50 ప్రాంతం దాకా జీవించాడు. యేసును గురించి ఒక్క మాటా వ్రాయలేదు. ఆయన దృష్టిలో పరమాత్మకూ లోకానికీ నడుమ ‘లోగోస్’ ఉన్నది. ఆదికాండంలో మానవుణ్ణి ‘దేవుని స్వరూపంలో’ చేశానని దేవుడే వేరొకరిని గురించి చెప్పినట్లు ఎందుకు చెబుతాడన్న ప్రశ్నకు సమాధానంగా, లోగోసును ‘రెండవ దేవుడు’ అని కూడా అన్నాడు. ‘వాక్యము’ అని మనం చదివే చోట యోహాను వాడినది ఈ లోగోస్ శబ్దాన్నే.

ఇక్కడ ఒక్క క్షణం నిలవాలి. క్రీ.శ. 40లో రోమను చక్రవర్తి కలిగులా తన విగ్రహాన్ని యెరూషలేము మందిరంలో ప్రతిష్ఠించమని ఆజ్ఞాపించాడు. యూదులు గుంపులు గుంపులుగా సిరియా పాలకుడు పెత్రోనియస్ ముందుకు వచ్చి, మమ్మల్ని చంపిన తరువాతనే ఆ పని చేయమన్నారు. పొలాలు విత్తకుండా వదిలి వచ్చారు. పెత్రోనియస్ జంకి కాలయాపన చేశాడు. 41 జనవరిలో కలిగులా హత్యకు గురి కావడంతో ఆ గండం గడిచింది. అప్పుడు అలెగ్జాండ్రియా యూదుల పక్షాన రోముకు రాయబారం వెళ్లిన పెద్దమనిషి ఈ ఫైలోయే. మనిషి దేవుడనిపించుకోవడం కన్న దేవుడు మనిషిగా మారడమే తేలిక అని ఆ రాయబార వృత్తాంతంలో ఎత్తిపొడిచాడు. దేవుడు మనిషి అవుతాడని ఆయన నమ్మి అన్న మాట కాదది. రెండూ అసాధ్యాలే అయినా మొదటిది మరీ దుర్భరమని చెప్పడం. ‘రెండవ దేవుడు’ అని వ్రాసిన చేయీ, మనిషిని దేవునిగా మొక్కనని రోములో నిలబడిన మనిషీ ఒకరే కావడం గమనించండి. ఆ కాలపు యూదు ఏకేశ్వరవాదం మనం అనుకొనేంత నున్నని బండరాయి కాదు. దానిలో గదులున్నాయి.

ఆ గదులలో రెండు సింహాసనాలున్న గది మరీ ప్రమాదకరమైనది. క్రీ.పూ. 165 ప్రాంతంలో, సిరియా రాజు నాలుగవ అంతియోకసు హింసాకాండ నడుమ తుది రూపం దాల్చిన దానియేలు గ్రంథం ఏడో అధ్యాయంలో మహావృద్ధుడు కూర్చుని ఉండగా ‘మనుష్యకుమారుని వంటివాడు’ మేఘారూఢుడై వస్తాడు. అక్కడ సింహాసనములు అని బహువచనం ఉన్నది. ఎన్ని? ఎవరెవరికి? బబులోను తల్మూదులో ఒక చర్చ ఉన్నది. రబ్బీ అకీవా అంతటి మహాపండితుడు ఒకటి దేవునికీ, ఒకటి దావీదుకూ అన్నాడట. దావీదంటే ఇక్కడ రాబోయే మెస్సీయా. గలిలయవాడైన రబ్బీ యోసే మండిపడి, అకీవా, షెకీనాను ఎంతకాలం మైలపరుస్తావు అని గద్దించాడు. ఒకటి న్యాయానికి, ఒకటి దయకు అని సర్దుబాటు చేశారు. ఇక్కడ చూడవలసినది, తరువాతి కాలానికి దైవదూషణగా తోచిన వ్యాఖ్యను రబ్బీలు తమలో అందరికన్న గొప్పవాని నోట పెట్టి, చెరిపివేయకుండా భద్రపరచడం. హనోకు గ్రంథంలోని ‘సాదృశ్యాలు’ అనే భాగంలోనైతే ఈ మనుష్యకుమారుడు సూర్యుడూ నక్షత్రాలూ పుట్టకముందే పేరు పెట్టబడినవాడు, తేజోసింహాసనంపై కూర్చుని తీర్పు చెప్పేవాడు. ఆ భాగం ఇథియోపియా క్రైస్తవుల గీజ్ భాషలో మాత్రమే బ్రతికింది. కాని అది యూదు రచనే.

తల్మూదులోని మరొక కథ నాకు మరీ ఇష్టం. ఒక మతద్రోహి రబ్బీని నిలదీశాడు: మోషేతో దేవుడు ‘నా దగ్గరకు రా’ అనకుండా ‘యెహోవా దగ్గరకు రా’ అన్నాడేమి అని. పిలిచినవాడు వేరొకడున్నాడు గదా అని అతని మెలిక. ఆయన మెటాట్రోన్ అనే దేవదూత, తన ప్రభువు నామమే ధరించినవాడు అన్నాడు రబ్బీ. అయితే ఆయనను కూడా పూజిద్దాం అన్నాడు అవతలివాడు. కూడదు అన్నాడు రబ్బీ. అలాంటివాడు ఉన్నాడని ఒప్పుకొన్నాడు. మొక్కడానికి మాత్రం ఒప్పుకోలేదు. గీత ఎక్కడ గీశారో ఈ చిన్న సంవాదం చెప్పినంత స్పష్టంగా పెద్ద గ్రంథాలు కూడా చెప్పవు. ఆలన్ సీగల్ 1977లో ప్రకటించిన ‘ఆకాశంలో రెండు అధికారాలు’ అనే పరిశోధన ఇటువంటి సాక్ష్యాలను ఒక చోట చేర్చి పండితుల దృష్టిని మార్చింది.

మరి క్రైస్తవులు చేసిన కొత్త పని ఏమిటి? ఆ గీత దాటడమే. మొక్కారు. అదీ ఎంత తొందరగా! పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ క్రీ.శ. 50-60ల నాటిది. దాని రెండవ అధ్యాయంలో ఒక స్తోత్రం వంటి భాగం ఉన్నది. లేఖ కన్న పాతదని చాలామంది పండితుల అభిప్రాయం. దైవస్వరూపంలో ఉన్నవాడు తనను తాను రిక్తుణ్ణి చేసుకొని, దాసుడై, సిలువ దాకా తగ్గి, ఆపైన ప్రతి మోకాలూ వంగే నామాన్ని పొందాడని దాని సారం. ప్రతి మోకాలూ వంగడమన్న మాట యెషయా నలభై అయిదో అధ్యాయంలోనిది. హీబ్రూ లేఖనాలలో తాను తప్ప వేరొక దేవుడు లేడని దేవుడు గట్టిగా చెప్పే ఘట్టాలలో అదొకటి! దానినే తీసి యేసుకు అన్వయించారు. గ్రీకు దేవతల కథలు విని పరవశించినవాడు చేసే పని కాదిది. యెషయా కంఠతా వచ్చినవాడు, తాను ఏమి చేస్తున్నాడో తెలిసి చేసే పని. మార్టిన్ హెంగెల్, లారీ హర్టాడో వంటివారు బూసె వాదాన్ని ఎదుర్కొన్నది ఇక్కడే: యేసు మరణించిన రెండు మూడు దశాబ్దాలలోపే, యూదులే నడిపిన సంఘాలలో ఈ ఆరాధన స్థిరపడి ఉన్నది. 112 ప్రాంతంలో బిథూనియ పాలకుడు ప్లినీ చక్రవర్తి ట్రాజనుకు వ్రాసిన లేఖలో, ఈ మనుష్యులు తెల్లవారుజామున గుమిగూడి క్రీస్తుకు దేవునికి వలె కీర్తన పాడుతున్నారని తెలిపాడు.

అయితే ఇల్లు కట్టడానికి కావలసిన కలప ఇంటిలోనే ఉన్నదని చూపినంత మాత్రాన, ఆ ఇల్లు కట్టక తప్పదని అర్థం కాదు. యూదులలో అత్యధికులు కట్టలేదు. వారిని అంధులనడం క్రైస్తవ లోకం చాలా శతాబ్దాలు చేసిన దుర్మార్గం. వారి ముందున్న కష్టం నిజమైనది: సిలువకు వ్రేలాడిన ఒకానొక నజరేతువాడి దేహం మీద మందిరం మీద దిగిన బరువంతా దిగిందని నమ్మమంటే నమ్మడం చిన్న సంగతా? 70లో రోమనులు రెండవ మందిరాన్ని కూల్చిన తరువాత, నివాసం ఎక్కడ అన్న ప్రశ్నకు ఇరువురూ జవాబు వెదికారు. ఇద్దరు కూర్చుని ధర్మశాస్త్రం ముచ్చటించుకొంటే వారి నడుమ షెకీనా ఉంటుందన్నారు రబ్బీలు. ఇద్దరు ముగ్గురు తన నామంలో కూడితే వారి నడుమ తానుంటానని యేసు అన్నట్లు మత్తయి వ్రాశాడు. ఒకే కుటుంబంలోని పోలిక ముక్కులో ముఖంలో తెలిసిపోతుంది.

తరువాతి చరిత్రలో నాకు అన్నిటికన్న అర్థవంతంగా తోచినది మార్సియను వ్యవహారం. నల్లసముద్ర తీరం నుండి వచ్చిన ఈ ధనిక ఓడల యజమాని 144లో రోము సంఘం నుండి వేరుపడ్డాడు. యూదుల దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. హీబ్రూ లేఖనాలన్నింటినీ కొట్టివేశాడు. లూకా సువార్తను ఉంచుకొన్నాడు గాని జనన వృత్తాంతం తీసివేశాడు. అతని యేసు తల్లి కడుపున పుట్టడు. తిబెరి పదిహేనో ఏట నేరుగా కపెర్నహూములో దిగుతాడు. అతని మాంసం చూపుకే గాని నిజం కాదు. ఈ రెండు కోతలూ ఒకే కత్తివి. యూదుత్వాన్ని కోసివేస్తే తల్లి పోతుంది, తాతలు పోతారు, ఎనిమిదో రోజు సున్నతి పోతుంది. మిగిలేది ఒక వేషం. అప్పుడే అతడు నిజంగా ‘ధారి’ అవుతాడు. మూడవ శతాబ్ది ఆరంభంలో కార్తేజికి చెందిన తెర్తుల్లియను ‘క్రీస్తు మాంసము’ అనే పేరుతోనే గ్రంథం వ్రాసి, గర్భాన్నీ పురుటినీ అసహ్యించుకొనేవాడు మనిషినే అసహ్యించుకొన్నట్లని మార్సియనును ఉతికి ఆరవేశాడు.

325 నాటి నైసియా సభను గురించి విస్తరించను. అక్కడి తగవుకు కూడా మూలం ఆ సామెతల గ్రంథం ఎనిమిదో అధ్యాయమే. జ్ఞానం తన పుట్టుకను చెప్పుకొనే చోట హీబ్రూలో ఉన్న ‘కానా’ అనే ధాతువుకు సంపాదించు, పొందు అన్నవి ప్రసిద్ధార్థాలు. గ్రీకు అనువాదంలో ‘సృజించెను’ అని పడింది. చూశారా, కుమారుడు సృష్టింపబడినవాడే అన్నాడు ఆరియసు. కాదన్నాడు అథనాసియసు. ఒక ధాత్వర్థం మీద సామ్రాజ్యం రెండుగా చీలింది! వ్యాకరణం ఎందుకండీ అని అడిగే విద్యార్థులకు నేను ఈ కథ చెప్పేవాడిని. విచారకరమైన సంగతి ఏమంటే, యూదు గ్రంథంలోని మాట మీదనే తలలు బద్దలు కొట్టుకొన్న ఆ సభ ముగిసిన తరువాత, పస్కా పండుగ లెక్కలో యూదులతో ఏ పొత్తూ వద్దని కాన్‌స్టంటైన్ చక్రవర్తి సంఘాలకు నిష్ఠురమైన లేఖ పంపాడు. యూదుల పక్షాన కూడా తలుపు మూసుకొన్నది. దేవునికి దేహమున్నదనేవాడు మతద్రోహి అని పన్నెండో శతాబ్దిలో మైమోనిదీసు శాసించాడు. దానికి ప్రోవెన్సు పండితుడు రబ్బీ అబ్రహాం బెన్ దావీదు, ఇతనికన్న గొప్పవారు లేఖనం చదివి అలాగే నమ్మారే, వారిని ద్రోహులంటాడా అని అడ్డం తిరిగాడు. తాను ఆ నమ్మకాన్ని సమర్థించలేదు. ఆ పేరు పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఇవన్నీ పాత పండితుల ముచ్చట్లని తీసివేయడానికి వీలులేదు. 1939 మే నెలలో జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణంలో, జర్మన్ చర్చి జీవనం మీద యూదు ప్రభావాన్ని పరిశోధించి నిర్మూలించడానికి ఒక సంస్థను ప్రారంభించారు. బిషప్పులూ, ఆచార్యులూ అందులో సభ్యులు. దానికి విద్యా నిర్దేశకుడు వాల్టర్ గ్రుండ్‌మాన్ యేసు యూదుడే కాడని గ్రంథం వ్రాశాడు. 1940లో యూదు పేర్లూ, వంశావళులూ, ప్రవచనాలూ కత్తిరించిన కొత్త నిబంధనను ఆ సంస్థ అచ్చు వేసింది. కీర్తనల పుస్తకం నుండి ‘హల్లెలూయ’ కూడా తొలగించారు. మార్సియను కత్తి ఈసారి ఆచార్యుల చేతికి వచ్చింది. బయట ఏమి జరుగుతున్నదో మనకు తెలుసు. యుద్ధం తరువాత గ్రుండ్‌మాన్ తూర్పు జర్మనీలో సువార్త వ్యాఖ్యాతగా గౌరవంగానే బ్రతికాడు. ఆయన వ్యాఖ్యలు విద్యార్థులు చదివారు.

దేవుని మాంసానికి జాతి లేదు, అది కేవలం ‘మానవత్వం’ అనే వాదం వినడానికి ఉదారంగా ఉంటుంది. కాని జాతి లేని మాంసం, తల్లిభాష లేని నాలుక, ఊరు లేని పుట్టుక ఎవరికి ఉంటాయి? స్విట్జర్లాండు దేశస్థుడైన కార్ల్ బార్త్ 1953లో, వాక్యం ఏదో ఒక మాంసం కాలేదు, యూదు మాంసమైనది అని పట్టుబట్టి వ్రాయడానికి కారణం ఆ పన్నెండేళ్ల జర్మనీయే. 1965లో కతోలికుల రెండవ వాటికను సభ యూదులను గురించి ప్రకటన చేసింది. అవతలి వైపు నుండి, నాజీల కాలంలో బాలుడుగా బెర్లిన్ విడిచిపోయిన మైఖేల్ విషోగ్రాడ్ అనే సనాతన యూదు తాత్త్వికుడు 1983లో ‘విశ్వాస దేహం’ అన్న గ్రంథం వ్రాశాడు. దేవుడు మనిషి కాలేడని యూదుడు ముందే తీర్పు చెప్పజాలడనీ, అది దేవునికి హద్దు గీయడమవుతుందనీ, కాని అలా జరిగిందని తాను నమ్మడం లేదనీ ఆయన వైఖరి. పైపెచ్చు, దేవుడు ఒక జాతి రక్తమాంసాల నడుమ నివసించడానికి ఒప్పుకొన్నాడన్నది యూదుల మూల విశ్వాసమేననీ, క్రైస్తవులు దానిని ఒక్క యూదునిలోకి కుదించారనీ అన్నాడు. మూరెడు చోటులో ముడుచుకొన్న సాన్నిధ్యాన్ని గురించిన ఆ పాత మిద్రాష్ నాకు ఇక్కడ మళ్లీ గుర్తుకు వస్తుంది.

పాత క్రైస్తవ పంచాంగాలలో జనవరి 1 సున్నతి పండుగ. డిసెంబరు 25ను కూడా కలిపి లెక్క వేస్తే అది ఎనిమిదో రోజు. లూకా రెండో అధ్యాయం ప్రకారం ఆ శిశువుకు సున్నతి చేసి యేసు అని పేరు పెట్టిన దినం. రోము సంఘం 1960 నాటి సవరణలో ఆ పేరు తొలగించింది. 1969లో ఆ రోజు దేవమాత మరియ పండుగ అయింది. తూర్పు సంఘాలవారు మాత్రం పాత పేరుతోనే ఇప్పటికీ జరుపుకొంటున్నారు.